గ్రేవ్స్ థైరాయిడ్‌కి మాత్రలా, రేడియో అయోడినా, ఆపరేషనా: ఎవరికి ఏది నప్పుతుంది

థైరాయిడ్ ఎక్కువైందని తేలాక డాక్టరుగారు మూడు దారులు చెప్పి, "ఇంట్లో మాట్లాడుకుని రండి" అంటారు. మాత్రలు వాడటం, రేడియో అయోడిన్ తీసుకోవడం, గొంతుకి ఆపరేషన్ చేయించుకోవడం. అసలు టెన్షన్ ఇంటికొచ్చాకే మొదలవుతుంది. ఒకరు మాత్రలు చాలంటారు. ఒకరు రేడియేషన్ అనగానే క్యాన్సర్ అంటారు. ఇంకొకరు తమ వైపు బంధువుల్లో ఎవరికో ఆపరేషన్ తర్వాత గొంతు పోయిందంటారు.

నేను ఈ మూడింటి మధ్య నాలుగేళ్లు తిరిగాను. మాత్రలు రెండు దఫాలు వాడి, రెండుసార్లూ జబ్బు తిరగబెట్టాక ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ నాలుగేళ్లలో తెలుసుకున్నదాన్ని, ఇప్పుడు ఆ మలుపు దగ్గర ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, బడిలో లెక్కలు చెబుతాను. ఇది చదివి మీ డాక్టరుగారిని సరైన ప్రశ్నలు అడగగలిగితే చాలు. మందు మార్చడం, ఆపడం మాత్రం ఆయన చెప్పాకే.

ముందు జబ్బు ఏదో తేలాలి

థైరాయిడ్‌ని పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ బాగా తగ్గి, థైరాయిడ్ తయారుచేసే టీ3, టీ4 హార్మోన్లు పెరిగినంత మాత్రాన అది గ్రేవ్స్ జబ్బే అనుకోవద్దు. కాన్పు తర్వాత కొన్ని నెలల్లోనో, వైరల్ జ్వరం వచ్చి తగ్గాకనో థైరాయిడ్ వాచి, లోపల దాచుకున్న హార్మోన్ రక్తంలోకి కారిపోతుంది. దాన్ని థైరాయిడైటిస్ అంటారు. కొద్ది వారాలు, నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. అక్కడ గ్రంథి కొత్తగా హార్మోన్ తయారుచేయడం లేదు కాబట్టి తయారీని ఆపే కార్బిమజోల్ మాత్ర వల్ల లాభం ఉండదు. ఇంకొందరికి గ్రంథిలో గడ్డలే హార్మోన్‌ని అదేపనిగా తయారుచేస్తుంటాయి. వాళ్లకి మాత్రలతో అదుపు వస్తుంది గానీ జబ్బు నయం కాదు, చివరికి రేడియో అయోడినో ఆపరేషనో కావాలి.

గ్రేవ్స్ జబ్బు సంగతి వేరు. మన ఒంట్లోనే తయారైన యాంటీబాడీలు థైరాయిడ్ మీద టీఎస్‌హెచ్ అతుక్కునే చోట తాము అతుక్కుని, గ్రంథిని ఆగకుండా పనిచేయిస్తాయి. ట్యాంకు నిండిందని స్విచ్ కట్టేసినా, ఎవరో మోటారుకి డైరెక్టుగా కరెంటు ఇచ్చేసినట్టు. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ని దాదాపు సున్నాకి తగ్గించేసినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. 1840లో జర్మనీలో బాసెడో కూడా విడిగా వర్ణించాడు, అందుకే యూరప్‌లో కొన్ని దేశాల్లో దీన్ని బాసెడో జబ్బు అంటారు. మగవాళ్లకన్నా ఆడవాళ్లకి చాలా రెట్లు ఎక్కువగా వస్తుంది.

నా విషయంలో మొదట బయటపడింది చాక్‌పీసు దగ్గర. బోర్డు మీద వృత్తం గీస్తే అంచు రంపం పళ్లలా వచ్చేది. మెట్లెక్కితే గుండె దడ, తిండి పెరిగినా బరువు తగ్గడం, చలికాలంలో కూడా ఫ్యాను కావాలనిపించడం, ఇవన్నీ ఉన్నా పని ఒత్తిడి అనుకున్నాను. డాక్టరుగారు నా రెండు చేతులూ ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టారు. ఫ్యాను ఆపి ఉన్నా కాగితం అంచు రెపరెపలాడింది. రక్తపరీక్షకి పంపకముందే ఆయనకి అర్థమైపోయింది.

ఖాయం చేసుకోవడానికి రెండు పరీక్షలు ముఖ్యం. ఒకటి ట్రాబ్ అనే యాంటీబాడీ రక్తపరీక్ష. రెండోది థైరాయిడ్ స్కాన్: గ్రేవ్స్‌లో గ్రంథి మొత్తం స్కాన్ కోసం ఇచ్చిన మందుని బాగా లాక్కుంటుంది, థైరాయిడైటిస్‌లో దాదాపు లాక్కోదు. కాబోయే తల్లులకీ, పాలిచ్చే తల్లులకీ స్కాన్ బదులు రక్తపరీక్ష మీదే ఆధారపడతారు. ఇంకో మాట. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? అవి చాలా ల్యాబుల్లో థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేస్తాయి, లేని గ్రేవ్స్‌ని ఉన్నట్టు చూపించగలవు. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు మూడు రోజుల ముందు మానేసి, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఏది మంచిది అని అడిగితే పెద్ద పెద్ద వైద్య సంస్థల మధ్యే ఏకాభిప్రాయం లేదు. యూరప్ థైరాయిడ్ సంఘం 2018లో మాత్రలతో మొదలుపెట్టమంది. బ్రిటన్‌కి చెందిన నైస్ సంస్థ 2019లో, మాత్రలతో జబ్బు తగ్గిపోయే అవకాశం బాగా ఉన్నవాళ్లని మినహాయించి పెద్దవాళ్లకి ముందు రేడియో అయోడిన్ ఇవ్వమంది. మన దగ్గర ఎక్కువమంది మాత్రలతోనే మొదలుపెడతారు. అంటే మూడూ పనిచేసేవే. తేడా వచ్చేది మీ పరిస్థితి దగ్గర.

నా దృష్టిలో మొదట చూడాల్సింది రాబోయే రెండేళ్లలో గర్భం ఆలోచన ఉందా అన్నది. మన ఇళ్లలో పెళ్లికాని అమ్మాయిని పక్కన తల్లిదండ్రులు కూర్చున్నప్పుడు డాక్టరు ఈ మాట అడగరు, అమ్మాయి చెప్పదు. కానీ మూడు దారుల్లోనూ అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. అవసరమైతే మీవాళ్లని ఒక్క నిమిషం బయట కూర్చోమని చెప్పి మాట్లాడండి.

తర్వాత కళ్లు, గ్రేవ్స్ కొందరికి కళ్లని కూడా పట్టుకుంటుంది. కనుగుడ్లు ముందుకు వచ్చినట్టుండటం, ఎర్రబడి నీళ్లు కారడం, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే ఎంపిక మారిపోతుంది. ఆపైన గొంతు వాపు ఎంత ఉంది, అందులో అనుమానించే గడ్డ ఏదైనా ఉందా, వయసెంత, గుండె ఎలా ఉంది, ట్రాబ్ ఎంత ఎక్కువగా ఉంది అన్నవి చూడాలి. ట్రాబ్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకి, వాపు పెద్దగా ఉన్నవాళ్లకి, మగవాళ్లకి, పొగతాగేవాళ్లకి మాత్రలు ఆపాక జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

మీ ఊరికి ఏది అందుబాటులో ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మాత్రలకి మొదట్లో నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రక్తపరీక్ష కావాలి. రేడియో అయోడిన్‌కి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉన్న న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కావాలి. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో అవి ఉన్నాయి. ఆపరేషన్‌కి థైరాయిడ్ ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ కావాలి.

| చూడాల్సింది | మాత్రలు | రేడియో అయోడిన్ | ఆపరేషన్ |
|---|---|---|---|
| పని చేయడానికి పట్టే కాలం | 4 నుంచి 8 వారాలు | 2, 3 నెలలు, ఒక్కోసారి 6 | ముందు మాత్రలతో అదుపు చేసి తీస్తారు, ఆ రోజుతో సరి |
| మొత్తం చికిత్స | 12 నుంచి 18 నెలలు, అవసరమైతే ఇంకా | ఎక్కువమందికి ఒక డోసు | ఒకసారి |
| తిరగబెట్టడం | సుమారు సగంమందికి | కొందరికి రెండో డోసు కావాలి | గ్రంథి మొత్తం తీస్తే దాదాపు ఉండదు |
| జీవితాంతం థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) | సాధారణంగా అక్కర్లేదు | చాలామందికి కావాలి | అందరికీ కావాలి |
| గర్భం | మందు మార్పు గురించి ముందే మాట్లాడాలి | కనీసం 6 నెలలు ఆగాలి | థైరాక్సిన్ డోసు కుదిరాక |
| కళ్లు | పెంచవు | కొందరికి పెరుగుతుంది | పెంచదు |
| ముఖ్యమైన ప్రమాదం | తెల్ల రక్తకణాలు పడిపోవడం, కాలేయం | కంటి జబ్బు పెరగడం | కాల్షియం పడిపోవడం, గొంతు నరం |

మాత్రలు

మన దగ్గర ఎక్కువగా రాసేది కార్బిమజోల్, మందుల షాపులో నియోమెర్కజోల్ అంటే అందరికీ తెలుసు. జబ్బు తీవ్రతని బట్టి రోజుకి 10 నుంచి 40 మిల్లీగ్రాముల దాకా మొదలుపెట్టి, హార్మోన్ దిగేకొద్దీ తగ్గిస్తూ వస్తారు. దడ, వణుకు వెంటనే తగ్గడానికి ప్రొప్రనలాల్ కలుపుతారు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా ముందే చెప్పాలి, వాళ్లకి అది పడదు.

ఇక్కడ చాలామంది కంగారుపడే విషయం ఒకటుంది. టీ4 మామూలుకి వచ్చాక కూడా టీఎస్‌హెచ్ కొన్ని నెలలపాటు అడుగునే ఉండిపోవచ్చు. రిపోర్టులో ఆ ఒక్క అంకె పక్కన ఎర్ర గుర్తు చూసి మందు పనిచేయడం లేదనుకుని డోసు పెంచుకోకండి.

మాత్రల గొప్పతనం ఏమిటంటే గ్రంథి మిగులుతుంది. ఏడాది, ఏడాదిన్నర వాడాక ట్రాబ్ మామూలుకి వచ్చిందో లేదో చూసి ఆపుతారు. సగంమంది దాకా మళ్లీ మందు అవసరం లేకుండా ఉంటారు. మిగతా సగంలో నేనున్నాను. తిరగబెట్టేది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. నాకు మొదటిసారి ఆపిన ఐదో నెలలో, రెండోసారి మూడో నెలలోనే మళ్లీ చాక్‌పీసు వణికింది.

దీని పెద్ద ప్రమాదం అరుదైనదే గానీ, తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. గుర్తు ఏమిటంటే జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుండ్లు. మనకి గొంతు నొప్పి అంటే ఉప్పునీళ్లు పుక్కిలించి రెండు రోజులు చూద్దామనే అలవాటు. కార్బిమజోల్ వాడేవాళ్లు ఆ రెండు రోజులు ఆగకూడదు. మాత్ర ఆపేసి ఆ రోజే రక్తకణాల లెక్క చేయించుకోవాలి. ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి మందుల డబ్బాలో పెట్టండి, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం కాలేయం గుర్తులు. అప్పుడూ అంతే. ఒంటిమీద దురద, దద్దుర్లు మాత్రం మామూలుగా వచ్చేవే, చాలావరకు సర్దుకుంటాయి.

గర్భం మొదటి మూడు నెలల్లో కార్బిమజోల్ వాడితే బిడ్డకి అవయవ లోపాలు వచ్చే అవకాశం ఉంది, ముఖ్యంగా 6 నుంచి 10 వారాల మధ్య. ఆ మూడు నెలలకి ప్రొపైల్‌థయోయురాసిల్ అనే ఇంకో మందు ఇస్తారు. దానికి కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీసే గుణం ఉంది, అందుకే అది అందరికీ మొదట రాయరు, పిల్లలకైతే దూరంగానే ఉంచుతారు. నెల తప్పిందని అనుమానం వచ్చిన రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి. మీ అంతట మీరు అన్నీ ఆపేయడం కూడా ప్రమాదమే, అదుపు తప్పిన థైరాయిడ్ తల్లికీ బిడ్డకీ చేటు.

తిరగబెట్టినవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. రోజుకి 5 మిల్లీగ్రాముల లాంటి చిన్న డోసుని ఏళ్ల తరబడి కొనసాగించడం. ఒకప్పుడు దీన్ని చికిత్స అనేవారు కాదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. గర్భం ఆలోచన లేక, చిన్న డోసుతో హాయిగా ఉన్నవాళ్లకి ఇది మంచి దారే. నన్ను ఎవరూ ఈ మాట అడగలేదు, నాకు అడగాలని తెలియదు.

రేడియో అయోడిన్

థైరాయిడ్‌కి అయోడిన్ అంటే ఆకలి. ఆ ఆకలినే వాడుకునే చికిత్స ఇది. అయోడిన్-131ని గుళికగానో, మంచినీళ్లలా కనిపించే ద్రవంగానో ఇస్తారు. థైరాయిడ్ దాన్ని లాక్కుంటుంది, అది లోపలి నుంచి గ్రంథి కణాలను కాలుస్తుంది. పని చేసే కిరణాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించి పోవు. ప్రతి ఎనిమిది రోజులకి దాని శక్తి సగమవుతుంది. 1941లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సాల్ హెర్ట్జ్ మొదటిసారి రోగికి రేడియో అయోడిన్ ఇచ్చాడు. అంటే ఎనభై ఏళ్లకి పైబడిన వైద్యం. అమెరికా అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్‌కి 1991లో పదవిలో ఉండగానే గుండె లయ తప్పి, గ్రేవ్స్ అని తేలింది. ఆయనకి ఇచ్చింది ఇదే. ఆయన భార్య బార్బరాకి కూడా అంతకుముందే గ్రేవ్స్ వచ్చి ఇదే చికిత్స అయింది. మన దేశంలో అయోడిన్-131ని ముంబయి ట్రాంబేలో అణుశక్తి శాఖ తయారుచేస్తుంది.

క్యాన్సర్ భయం గురించి సూటిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోగులను గమనించిన పెద్ద అధ్యయనాల్లో కొన్నింటిలో చాలా కొద్దిపాటి పెరుగుదల కనిపించింది, కొన్నింటిలో ఏమీ కనిపించలేదు. ఈ భయం ఒక్కదానికే ఈ దారిని కొట్టేయడం నాకు సరిగా అనిపించదు. కొట్టేయాల్సిన కారణాలు వేరే ఉన్నాయి. గర్భవతులకి ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరు. పాలిచ్చే తల్లులు కనీసం ఆరు వారాల ముందు పాలు మాన్పించాలి, ఆ బిడ్డకి మళ్లీ ఇవ్వకూడదు. తీసుకున్నాక ఆడవాళ్లు కనీసం ఆరు నెలలు, మగవాళ్లు మూడు నాలుగు నెలలు పిల్లల ప్రయత్నం ఆపాలి. కంటి జబ్బు ఉన్నవాళ్లకి, ముఖ్యంగా పొగతాగేవాళ్లకి, అది పెరగొచ్చు. కొద్దిపాటిగా ఉంటే కళ్లకి రక్షణగా స్టెరాయిడ్ మందులు కలిపి ఇస్తారు, ఎక్కువగా ఉంటే ఇవ్వరు.

ఇంటికొచ్చాక కొన్ని రోజులు, డోసుని బట్టి రెండు మూడు వారాల దాకా, చిన్నపిల్లలకీ గర్భవతులకీ దూరంగా ఉండాలి. విడిగా పడుకోవాలి, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు కొట్టాలి. ఒకే గది ఇల్లయితే, చంక దిగని పసిబిడ్డ ఉంటే, ఇది చిన్న విషయం కాదు. నేను ఈ దారి వదిలేయడానికి కారణం అదే. మా చిన్నోడికి అప్పుడు రెండేళ్లు, రాత్రి నా మెడ చుట్టూ చేయి వేస్తే తప్ప పడుకునేవాడు కాదు. థైరాయిడ్ ఉండేది సరిగ్గా అక్కడే.

అత్తగారింటికో అమ్మగారింటికో పిల్లల్ని పంపగలిగినవాళ్లకి, కళ్లు బాగున్నవాళ్లకి, పిల్లల్ని కనడం అయిపోయినవాళ్లకి ఇది మూడింటిలోకీ శ్రమ తక్కువ. కోత లేదు, మచ్చ లేదు, ఆసుపత్రిలో పడుకునే పని సాధారణంగా లేదు. కాకపోతే ఈ మధ్య రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయించుకుని ఉంటే ముందే చెప్పండి. ఆ రంగు మందులో అయోడిన్ ఉంటుంది. దాంతో గ్రంథి కడుపు నిండిపోతే కొన్ని వారాలు రేడియో అయోడిన్‌ని లాక్కోదు.

ఆపరేషన్

గొంతు ముందు అడ్డంగా కోసి గ్రంథి మొత్తం లేదా దాదాపు మొత్తం తీసేస్తారు. ఈ ఆపరేషన్‌ని ఒక పద్ధతికి తెచ్చిన స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోహర్‌కి 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. ముందు మాత్రలతో హార్మోన్‌ని మామూలుకి తెచ్చి, చివరి వారం, పది రోజులు అయోడిన్ చుక్కలు తాగిస్తారు. గ్రంథికి రక్తప్రసారం తగ్గి కోయడం తేలికవుతుంది. ఆ చుక్కలు తాగితే ఇత్తడి చెంచా నాకినట్టుంటుంది, పండ్లరసంలో కలుపుకోండి.

మీరు తెలుసుకోవాల్సింది థైరాయిడ్ వెనక అతుక్కుని ఉన్న నాలుగు చిన్న గ్రంథుల గురించి. పారాథైరాయిడ్లు. ఒక్కొక్కటీ మసూర్ పప్పు గింజంత ఉంటుంది. పేరు కలిసినా థైరాయిడ్ పనికీ వాటి పనికీ పొంతన లేదు. రక్తంలో కాల్షియాన్ని డెసిలీటరుకి 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలబెట్టేవి అవే. 1880లో స్వీడన్‌లో ఇవార్ శాండ్‌స్ట్రోమ్ అనే వైద్య విద్యార్థి మనుషుల్లో వాటిని గుర్తించేదాకా, వాటి ఉనికి వైద్యానికి తెలియదు. థైరాయిడ్ తీసేటప్పుడు వాటిని కదిలించినా, వాటికి వెళ్లే సన్నటి రక్తనాళం దెబ్బతిన్నా కొన్నాళ్లు మొద్దుబారతాయి, కాల్షియం పడిపోతుంది. నలుగురైదుగురిలో ఒకరికి ఇలా తాత్కాలికంగా జరుగుతుంది. అనుభవం ఉన్న సర్జన్ చేతిలో శాశ్వతంగా పోయేది నూటికి ఒకరి నుంచి ముగ్గురికి. మాట పలికించే గొంతు నరం శాశ్వతంగా దెబ్బతినేది సుమారు నూటికి ఒకరికి.

నన్ను రెండో రోజు ఇంటికి పంపారు. ఆసుపత్రి పేరు చెప్పను. పంపేముందు కాల్షియం చూడలేదు, దాని గురించి ఒక్క మాట చెప్పలేదు. మూడో రోజు పొద్దున పెదాల చుట్టూ చీమలు పాకినట్టు మొదలైంది. మత్తుమందు ప్రభావమేమో అనుకున్నాను. కాఫీ గ్లాసు అందుకోబోతే కుడిచెయ్యి దానంతటది ముడుచుకుపోయింది. గాజులు తొడిగించుకునేటప్పుడు బొటనవేలు లోపలికి పెట్టి నాలుగు వేళ్లూ దగ్గరగా చాపి చెయ్యి సన్నగా ఎలా చేస్తామో, అచ్చం అలా. విప్పుదామంటే రాదు. మా వదిన నర్సు, అదృష్టం కొద్దీ ఆవిడ ఆ రోజు ఇంట్లో ఉంది. చూడగానే "కాల్షియం పడిపోయింది, లేవండి" అంది. పరీక్షలో 6.9 వచ్చింది. సెలైన్‌లో కాల్షియం ఎక్కించారు. ఏడు వారాలు కాల్షియం, కాల్సిట్రయాల్ (విటమిన్ డి పనిచేసే రూపం) మాత్రలు వాడాక నా గ్రంథులు మళ్లీ పనిలో పడ్డాయి.

కాల్షియం అట్టడుక్కి చేరేది సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు, అంటే చాలామంది ఇంటికొచ్చేశాక. అందుకే ఆపరేషన్ ఎంచుకునేవాళ్లు ముందుగానే విటమిన్ డి చూపించుకుని, తక్కువుంటే సరిచేసుకోవాలి. డిశ్చార్జికి ముందు కాల్షియం, వీలైతే పారాథైరాయిడ్ హార్మోన్ చూడమని అడగాలి. పెదాలు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కితే ఎన్ని మాత్రలు వేసుకోవాలో, ఎప్పుడు పరుగెత్తాలో చీటీ మీద రాయించుకోవాలి.

సర్జన్‌ని "ఏడాదికి ఎన్ని థైరాయిడ్‌లు చేస్తారు" అని అడగడానికి మొహమాటపడొద్దు. ఏడాదికి 25 కన్నా ఎక్కువ చేసేవాళ్ల దగ్గర ఇబ్బందులు తగ్గుతాయని అధ్యయనాల్లో తేలింది. నేను గొంతుతో బతికేదాన్ని. మూడు వారాలు గొంతు బొంగురుగా ఉండి తర్వాత మామూలైంది, పెద్దగా అరిస్తే మాత్రం ఇప్పటికీ త్వరగా అలసిపోతుంది. పాడేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు ఆపరేషన్‌కి ముందూ తర్వాతా స్వరతంతువుల పరీక్ష అడగండి.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఆరు నెలల్లో పెళ్లి, ఆ వెంటనే పిల్లలు అనుకుంటున్న అమ్మాయికి రేడియో అయోడిన్ నేను సూచించను. ఆరు నెలలు ఆగడం ఒక్కటే కారణం కాదు. అది తీసుకున్నాక ట్రాబ్ పెరిగి ఏడాదికి పైగా అలాగే ఉండొచ్చు, ఆ యాంటీబాడీలు మావిని దాటి బిడ్డ థైరాయిడ్‌ని కూడా రెచ్చగొట్టగలవు. డోసు చిన్నదైతే, ట్రాబ్ తగ్గుతూ ఉంటే మాత్రలతో అదుపులో ఉంచుకుని గర్భం ప్లాన్ చేసుకోవచ్చు. డోసు దిగకుండా ఉంటే, ముందే ఆపరేషన్ చేయించుకుని థైరాక్సిన్ కుదుర్చుకోవడం మేలు. గ్రంథి లేకపోయినా ట్రాబ్ కొంతకాలం మిగిలే ఉంటుంది. అందుకని ఎప్పుడో గ్రేవ్స్ వచ్చి తగ్గిందన్న మాటని కాన్పు డాక్టరు దగ్గర దాచకండి.

కళ్లలో ఇబ్బంది ఉన్నవాళ్లకి మాత్రలు లేదా ఆపరేషన్. సిగరెట్, బీడీ మానడం ఈ రెండింటికన్నా ముందు. ఇంట్లో ఎవరో కాల్చే పొగ కూడా లెక్కలోకి వస్తుంది.

అరవై దాటి, గుండె లయ తప్పి, మందులు మింగడమే పనిగా ఉన్న పెద్దాయనకి జబ్బు ఇంకోసారి తిరగబెడితే గుండె తట్టుకోలేదు. మాత్రలతో అదుపు చేశాక రేడియో అయోడిన్‌తో శాశ్వతంగా తేల్చుకోవడం మంచిది.

గొంతు వాపు బాగా పెద్దదై మింగడానికీ ఊపిరికీ అడ్డుపడుతుంటే, గడ్డ మీద క్యాన్సర్ అనుమానం ఉంటే, ఆపరేషన్. రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉంటే తొందరపడొద్దు. థైరాయిడ్ ఎక్కువైతే ఎముకలు కరిగి కాల్షియం కొద్దిగా పెరుగుతుంది, అది థైరాయిడ్ దిగాక తగ్గిపోతుంది. అలా తగ్గకుండా, పారాథైరాయిడ్ హార్మోన్ కూడా తగ్గకుండా ఉంటే పారాథైరాయిడ్‌లోనే గడ్డ ఉందేమో చూడాలి. అలా రెండు జబ్బులూ ఉన్నవాళ్లకి ఒకే ఆపరేషన్‌లో రెండూ తీయించుకోవచ్చు, అది వాళ్ల ఎంపికని సులువు చేస్తుంది.

బడికెళ్లే పిల్లలకి మొదట మాత్రలే, అదీ పెద్దవాళ్లకన్నా ఎక్కువ ఏళ్లు.

ప్రతి నెలా టౌనుకి వెళ్లి రక్తం ఇచ్చే వీలులేనివాళ్లు, కూలి పోతుందని పరీక్ష వాయిదా వేసేవాళ్లు, మాత్రలు చవకని వాటినే పట్టుకుని ఉండటం నాకు బాధనిపిస్తుంది. చూడని డోసు వల్ల థైరాయిడ్ ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోతుంది. వాళ్లకి ఒక్కసారితో తేలే దారి మేలు. ఖర్చు అడ్డమైతే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికెళ్లి మీ చికిత్స ప్రభుత్వ పథకంలో ఉందో లేదో అడగండి.

జీవితాంతం మాత్ర అనే భయం

నన్ను నాలుగేళ్లు తిప్పింది ఈ భయమే. "రోజూ మాత్రా? చచ్చేదాకానా?" అని మా అమ్మ అడిగిన ప్రతిసారీ నేను వెనక్కి తగ్గాను. ఆ నాలుగేళ్లూ నేను రోజూ మింగింది కూడా మాత్రే, పైగా రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉన్న మాత్ర, నెలనెలా రక్తం తీయించుకుంటూ. థైరాక్సిన్ మన ఒంట్లో తయారయ్యే హార్మోనే, డోసు సరిగ్గా ఉంటే ఒంటికి తేడా తెలియదు. గ్రంథి పూర్తిగా లేనివాళ్లకి కిలో బరువుకి సుమారు 1.6 మైక్రోగ్రాముల చొప్పున మొదలుపెడతారు, ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూసి సర్దుతారు. కుదిరాక ఏడాదికి ఒకటి రెండు పరీక్షలు చాలు. గర్భం వస్తే మాత్రం డోసు వెంటనే పెంచాల్సి ఉంటుంది. కొందరికి డోసు కుదిరినా నీరసం, బరువు మిగులుతాయి, అది నిజమే. నాకు పోయిన ఏడు కిలోలూ తిరిగొచ్చాయి, ఇంకో మూడు కలిసి.

పరగడుపున, నీళ్లతో వేసుకుని, కాఫీ టీలకి అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలు థైరాక్సిన్‌ని ఒంటికి పట్టనివ్వవు, వాటికి నాలుగు గంటల ఎడం కావాలి. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో ఈ రెండూ ఒకే చేత్తో మింగేసి, టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందో తెలియక డోసు పెంచుకుంటూ పోయేవాళ్లున్నారు. నాకు ఆ ఏడు వారాలూ థైరాక్సిన్ పొద్దున ఐదున్నరకి, కాల్షియం మధ్యాహ్నం బడిలో అన్నం తిన్నాక ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి. మధ్యాహ్నం మాత్ర మర్చిపోకుండా దాని షీటు చాక్‌పీసుల డబ్బాలోనే పెట్టుకునేదాన్ని.